పూలూ చుట్టలూ, మధ్యలో నా కత్తెరా

మా తమ్ముడి పెళ్ళి జరిగింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఇప్పుడు నేను చెప్పబోయేది చదువుతూ, ఆ పెళ్ళి ఎలా జరిగి ఉంటుందా అని మీరు మధ్యమధ్యలో కంగారుపడతారు. మేము పడ్డాం. మామూలుగా ఒక పెళ్ళి చెడిపోవాలంటే జాతకాలు కలవకపోవాలి, మేనమామలు అలగాలి, పెద్దవాళ్ళు కేకలేసుకోవాలి. నేను ఒక కత్తెర, కాస్త సెల్లోటేపు పెట్టుకుని ఆ పని దాదాపు పూర్తిచేశాను. అదీ ఆషామాషీగా కాదు, స్కేలు పెట్టి కొలిచి మరీ.

మాది కలకత్తా పక్కన లిలువా. నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరి, అక్కడే రిటైరయ్యారు. శ్రీకాకుళం నుంచి రైలెక్కి వచ్చి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో యాస మాత్రం రైలు దిగలేదు. తమ్ముడు రవి, తన ఆఫీసులో పనిచేసే తుంపా అనే బెంగాలీ అమ్మాయిని ప్రేమించాడు. వాళ్ళది కలకత్తాలో, బాలిగంజ్‌లో ఇల్లు. తండ్రి సేన్ గారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆయన ఈ సంబంధానికి ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. తెలుగువాళ్ళమని కాదు. ఆయన ఏ విషయానికైనా చాలాకాలం తీసుకుంటారట. ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ముందు రెండు పుస్తకాలు చదువుతారని తుంపా చెప్పింది.

చివరికి ఒకరోజు ఆయన, భార్యతో కలిసి లిలువా వచ్చి, మా అమ్మ వండిన చేపల పులుసు తిని, "సరే" అన్నారు. ఆ రోజు నేను ఆఫీసు పనిమీద బెంగళూరులో ఉన్నాను. నేను ఊళ్ళో లేకపోవడం వల్ల సంబంధం కుదిరిందని రవి ఇప్పటికీ అంటాడు. ఆ మాటలో నిజం ఎంతో మీరే తేల్చండి.

ఆ తరవాత ఆదివారం మేము బాలిగంజ్ వెళ్ళాలి. పెళ్ళికూతురికి చీర, పళ్ళు, పసుపూ కుంకుమా అన్నీ సిద్ధం. అమ్మ రెండు రోజులు వంటింట్లో కూర్చుని, నువ్వులు అద్ది అరిసెలు వండింది. వాటిని అట్టపెట్టెలో సర్ది, నన్ను పిలిచింది.

"ఒసే పద్దూ! ఈ పెట్టి సూడు, ఎంత బోడిగా ఉన్నాదో. నీకు ఇలాటివన్నీ బాగా తెలుసు కదా. ఏటైనా మంచి కాగితం చుట్టు."

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో కళాహృదయం ఉన్నది నాకొక్కదానికే అని నా నమ్మకం. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కానుక చుట్టే బాధ్యత నాదే. మూలలు మడిచానంటే ఇస్త్రీ చేసినట్టు ఉంటాయి. కాబట్టి నేను తలెగరేసి, "కాగితం ఎక్కడుంది?" అన్నాను.

"బీరువా మీద సూడు. దాచినవి ఉంటాయి."

మా అమ్మ కాగితాలు పారెయ్యదు. ఎవరు ఏ కానుక ఇచ్చినా పైకాగితం చింపకుండా విప్పి, చుట్టచుట్టి బీరువా మీద దాచుతుంది. కుర్చీ ఎక్కి వెతికాను. మెరుపుకాగితం చుట్టలు, బెలూన్ల బొమ్మల చుట్టలు, కేకుల బొమ్మల చుట్టలు. వాటి వెనక, గోడకి ఆనుకుని, రిబ్బను కట్టిన ఒక చుట్ట. విప్పాను.

ఆహా! ఏం కాగితం! మందంగా ఉంది, కాని పాత నేతబట్టలా మెత్తగా ఉంది. లేతగోధుమ రంగు మీద రేకుల మీద రేకులున్న పెద్ద గులాబీరంగు పూలు, మధ్యమధ్యలో రిబ్బన్లు కట్టిన కాగితపు చుట్టలు. ఒక చుట్ట సగం విచ్చుకుని పువ్వు మీద వాలి ఉంది. ఇవి కాలేజీలో ఇచ్చే పట్టాలే అనుకున్నాను. సేన్ గారు ఎవరు? కాలేజీ మాస్టారు. కాలేజీ మాస్టారింటికి పూలూ పట్టాలూ ఉన్న కాగితంకంటే తగినది ఉంటుందా? నా తెలివికి నాకే ముచ్చటేసింది.

కొంచెం వెడల్పు ఎక్కువైంది. ఒక పక్క అంచున నల్లగా ఏవో గీతలు, వాటికింద ఎర్రటి చదరపు ముద్ర ఉన్నాయి. తయారుచేసిన కంపెనీ పేరు కాబోలు అనుకున్నాను. కానుక మీద కంపెనీ పేరు కనపడటం ఎంత అనాగరికం! స్కేలు పెట్టి గీత గీసి, ఆ అంచును నిలువునా కత్తిరించేశాను. కత్తెర వెన్నలో దిగినట్టు దిగింది. కత్తిరించిన ముక్క కూడా అందంగానే ఉండటంతో పారెయ్యబుద్ధి కాలేదు. వెనక్కి తిప్పి, బాల్‌పెన్‌తో బెంగాలీలో "సేన్ కుటుంబానికి, ప్రేమతో" అని రాసి, పెట్టె మీద చీటీలా అతికించాను.

అమ్మ వచ్చి చూసి చేతులు జోడించింది. "దుకాణంలో కట్టించినట్టే ఉన్నాది!"

నాన్న అప్పుడు మంగలి షాపులో ఉన్నారు. ఆయన ఇంట్లో ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. మీ టైము కలిసొచ్చేది.

క్యాబ్‌లో ముందు సీట్లో రవి, వెనక నాన్న, అమ్మ, నేను. అరిసెల పెట్టె బట్టలకొట్టు సంచిలో, నా ఒళ్ళో ఉంది. షాలిమార్ వైపు గూడ్సు బండ్లు దాటి, హుగ్లీ మీద రెండో వంతెన ఎక్కబోతుండగా నాన్న గొంతు సవరించుకున్నారు.

"సేన్ దా ముందు అడిగేది ఆ బొమ్మ గురించే. ఇంకా ఫ్రేము కట్టించలేదంటే ఏటనుకుంటాడు?"

"ఏ బొమ్మ నాన్నా?" అన్నాను హాయిగా కిటికీలోంచి చూస్తూ.

"నువ్వు బెంగళూరులో ఉన్నప్పుడు వచ్చినాడు కదా, అప్పుడిచ్చినాడు. జపాను బొమ్మ. చెక్కమీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితమ్మీద అద్దుతారట. మన బందరు అద్దకం బట్టల్లాగ. వాళ్ళ తాతగారి కాలందట."

"అబ్బో. ఏటుంటాది అందులో?"

"పూలూ, చుట్టలూ."

అమ్మ అందుకుంది. "అదే నేనూ అన్నాను. వియ్యాలవారికి చుట్టల బొమ్మ ఇస్తారేటి ఎవరైనా? నువ్వు చుట్ట మానేసి ఎన్నేళ్ళయింది! రోజూ గోడమీద చుట్టలు కనపడితే మళ్ళీ మనసు లాగదేటి? అందుకే కనపడకుండా బీరువా మీద పడేసినాను."

"పొగచుట్టలు కావే! కాగితం చుట్టలు! వెనకటికి పుస్తకాలు అలాగ చుట్టి పెట్టుకునేవారట."

"మరి ఆ మాట అప్పుడు సెప్పొద్దా? నేను వంటింట్లో పులుసు దగ్గరుంటే, గుమ్మంలోంచి 'పూలూ చుట్టలూ' అని కేకేసి ఎల్లిపోనావు!"

బీరువా. పూలు. చుట్టలు.

నా ఒంట్లో ఉన్న రక్తమంతా హుగ్లీలో కలిసిపోయింది. సంచి నోరు కాస్త తెరిచి లోపలికి చూశాను. సగం విచ్చుకున్న కాగితపు చుట్ట ఒకటి, పువ్వు మీద వాలి, నావైపే చూస్తోంది. దాని పక్కనే గుండ్రంగా, రూపాయంత, ఒక మెరిసే మచ్చ. అరిసెల నూనె అట్టని దాటి కళలోకి ప్రవేశించింది.

అరవలేను. పక్కనే అమ్మ, ఆ పక్కనే నాన్న. ముందు సీట్లో ఉన్న తమ్ముడికి ఫోన్‌లో మెసేజ్ పెట్టాను: "ఆ బొమ్మతోనే అరిసెల పెట్టె చుట్టాను."

మా వాడికి రహస్యాలు దాచడం చిన్నప్పటినుంచీ రాదు. గిరుక్కున వెనక్కి తిరిగి, "ఏటి చుట్టినావు?" అని అరిచాడు.

"ఏటే? ఎవరేటి చుట్టినారు?" అంది అమ్మ.

"చున్నీ!" అన్నాను. "చున్నీ మెడకి చుట్టుకున్నాను. వీడికి నచ్చలేదంట."

"బాగానే ఉన్నాది," అంది అమ్మ. నేను నిజంగానే చున్నీ మెడకి ఇంకో రెండు చుట్లు చుట్టుకున్నాను. ఉరి అలవాటవుతుందని.

వంతెన దిగేలోపు రవి తుంపాకి మెసేజ్ చేశాడు. తుంపా బంగారం. మేము దిగేసరికి గేటు దగ్గరే నిలబడి ఉంది. అమ్మానాన్నల కాళ్ళకి దండం పెట్టి, అదే ఊపులో పైకి లేస్తూ నా చేతిలో సంచి లాక్కుని, "దీదీ, నువ్వు నాతో రా, అన్నీ వంటింట్లో సర్దుదాం!" అని నన్ను ఈడ్చుకుపోయింది. మా అమ్మ మురిసిపోయింది, పిల్ల ఎంత పనిమంతురాలో అని.

వంటింటి తలుపు దగ్గరగా వేసి, సంచిలోంచి పెట్టె తీసింది. చూసింది. గోడకి ఆనుకుంది.

"దీదీ, కీ కొరేఛో! ఏం చేశావు! ఇది నాన్న ప్రాణం. చిన్నప్పుడు నన్ను దీని దగ్గర గట్టిగా ఊపిరి కూడా తీసుకోనిచ్చేవాడు కాదు. తేమ తగులుతుందని!"

"నూనె తగిలితే?"

ఇద్దరం గోళ్ళతో టేపు ఊడదీయడం మొదలుపెట్టాం. నేను టేపు అతికించానంటే అతికించినట్టే. ఊడదు. ఒకచోట లాగితే పువ్వు రేకు పైపొర టేపుతో పాటు లేచి వచ్చింది. నా నోట్లోంచి, తొక్కిన పిల్లిపిల్లలా ఒక శబ్దం వచ్చింది. ఎలాగో విప్పాం. అడ్డంగా నాలుగు మడతలు, నిలువుగా నాలుగు. ఇస్త్రీ చేసినట్టున్న నా మూలల మడతల మీద నాకు జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది.

"కత్తిరించిన ముక్క ఏది?"

చీటీ చూపించాను. తుంపా ఒకవైపు చూసి, రెండోవైపు తిప్పి, "ఇది చిత్రకారుడి సంతకం," అంది నీరసంగా.

వరండాలో చెప్పుల చప్పుడు. తుంపా బొమ్మనీ సంతకాన్నీ అందుకుని, పక్కనే ఉన్న తన గదిలోకి దూరి, పరుపు కింద తోసి, నేను కళ్ళార్పేలోపు వెనక్కి వచ్చింది. కాకిమా, అంటే తుంపావాళ్ళమ్మ, లోపలికి వచ్చేసరికి మేమిద్దరం స్టీలు పళ్ళెంలో అరిసెలు పేరుస్తున్నాం, దైవకార్యం చేస్తున్నంత భక్తిగా.

ముందుగదిలో గోడలనిండా బొమ్మలే. వాటి మధ్య సేన్ గారు, తెల్లటి లాల్చీ వేసుకుని, మా నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. టీ, సమోసాల్లాంటి సింగాడాలు, సందేశ్ మిఠాయి, వాటి పక్కనే మా అరిసెల పళ్ళెం వచ్చాయి. నేను ఒక సందేశ్ నోట్లో పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన మొదలుపెట్టారు.

"రావు బాబూ, ఆ బొమ్మ కథ మీకు ఆ రోజు పూర్తిగా చెప్పలేదు. మా తాతగారు ఓడ డాక్టరు. ఓడ ఖిదిర్‌పూర్ రేవుకి వచ్చినప్పుడు, రెండు బొమ్మలు చంకలో పెట్టుకుని దిగారట. జంట బొమ్మలు. ఒకటి వసంతం, ఒకటి శరత్తు. వసంతం మీకిచ్చాను. శరత్తు నా దగ్గర ఉంచుకున్నాను." ఆయన మా నాన్న చేతిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. "రెండిళ్ళలో ఒకే జంట ఉంటే, నా కూతురు ఎక్కడున్నా ఇక్కడున్నట్టే కదా అనుకున్నాను."

మా నాన్న కళ్ళు తుడుచుకున్నారు. నా గొంతులో సందేశ్ సిమెంటైంది.

"ఇంతకీ ఎక్కడ తగిలించారు?"

"పూజగది పక్కన," అన్నారు నాన్న.

"వంటింట్లో," అంది అమ్మ, అదే క్షణంలో.

సేన్ గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"ఫ్రేముకిచ్చాం కాకూ!" అని రవి దూకాడు. "ఎక్కడ తగిలించాలా అని ఇంట్లో ఇంకా గొడవ జరుగుతోంది, అంతే."

"ఫ్రేముకా? ఎవరికి? ఏ షాపు? లిలువాలోనా?" ఆయన కుర్చీ అంచుకి జరిగారు. "జిగురు పెట్టనివ్వకండి! ఈ ఫ్రేములవాళ్ళు కసాయివాళ్ళు. బొమ్మ ఫ్రేములో పట్టకపోతే అంచులు కోసేస్తారు. నమ్ముతారా? సంతకంతో సహా కోసేసిన మూర్ఖుల్ని చూశాను!"

నాకు పొలమారింది. కాకిమా వీపు తట్టింది. తుంపా మంచినీళ్ళు తెచ్చింది. "మావాడు అలాటివాడు కాదులెండి," అన్నారు నాన్న, లేని ఫ్రేములవాడి తరఫున. మొత్తానికి మాట ముహూర్తాల మీదికి మళ్ళింది. రవి నావైపు చూసి మెల్లగా కళ్ళు మూసి తెరిచాడు. గండం గడిచిందని. నిజంగానే గడిచింది. బొమ్మ పరుపు కింద ఉంది, అమ్మానాన్నలకి తెలీదు, తరవాత ఎవరైనా మంచి మరమ్మతుదారుణ్ణి వెతకొచ్చు. అక్కడితో నోరు మూసుకుని, చెప్పులేసుకుని, క్యాబెక్కితే చాలు.

కాని నేను నోరు మూసుకునే రకం అయితే మీకు చెప్పడానికి ఏముంటుంది?

బయల్దేరుతున్నాం. కాకిమా ఒక పెద్ద సందేశ్ పెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. సేన్ గారు దాన్ని చూసి మొహం చిట్లించారు. "వియ్యాలవారికి ఇలా బోడిగా ఇస్తారా? ఉండండి," అని లోపలికి వెళ్ళారు.

తిరిగి వచ్చారు. ఒక చేతిలో కాగితపు చుట్ట. ఇంకో చేతిలో కత్తెర.

చుట్ట బల్లమీద పరిచారు. ఎర్రటి ఆకులు. పసుపుపచ్చ చేమంతులు. శరత్తు! చుట్టల బొమ్మలు కనిపించలేదు గాని, కాగితమే చుట్టగా వచ్చింది కదా, ఇంకేం కావాలి? నాకు అంతా అర్థమైపోయింది. ఈ మహానుభావుడు ప్రేమ ఎక్కువై, రెండో బొమ్మని కూడా మాకే ఇచ్చేస్తున్నాడు. జంటని కలిపేస్తున్నాడు. అదీ నాలాగే, మిఠాయి పెట్టెకి చుట్టి! వియ్యాలవారి పద్ధతి ఇదే అనుకున్నాడో ఏమో! ఆయన కాగితాన్ని పెట్టెకి ఆనించి కొలిచారు. కత్తెర నోరు తెరిచారు.

"కాట్‌బెన్ నా!"

ఆ అరుపుకి పక్కింట్లో కుక్క మొరిగింది. నేను సోఫాకీ బల్లకీ మధ్యనుంచి ఎలా వెళ్ళానో తెలీదు గాని, ఆ కాగితం మీద బోర్లా పడ్డాను. "కొయ్యకండి కాకూ! మీకు దండం పెడతాను! వసంతాన్ని నేనే చంపేశాను, శరత్తునైనా బతకనివ్వండి!"

సేన్ గారు కత్తెర అలాగే తెరిచి పట్టుకుని ఉన్నారు.

"ఇది గడియాహాట్ బజారులో కొన్న ప్యాకింగు కాగితం అమ్మా," అన్నారు చాలా నెమ్మదిగా. "లోపల ఇంకో నాలుగున్నాయి. నీకు నచ్చితే తీసుకో." తరవాత కత్తెర బల్లమీద పెట్టారు. "వసంతాన్ని ఏం చేశావన్నావు?"

రవి తల పట్టుకున్నాడు. తుంపా లోపలికి వెళ్ళి, పరుపు కిందున్న బొమ్మనీ చీటీనీ తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. మడతలని వేలితో తడిమారు. పొర ఊడిన రేకు దగ్గర ఆ వేలు ఆగింది. అంతసేపూ నేను ఇంకా ప్యాకింగు కాగితం మీదే పడి ఉన్నాను. లేవాలని తోచలేదు. నాన్న మాత్రం లేచి నిలబడ్డారు. రెండు చేతులూ జోడించి, "సేన్ దా, తప్పయిపోనాది," అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు నవ్వులాటంతా దిగిపోయింది. వర్క్‌షాపులో ఇన్నేళ్ళు పనిచేసి ఎవరిముందూ తలవంచలేదని చెప్పుకునే మనిషి ఆయన. అమ్మ కంగారులో బెంగాలీ మర్చిపోయి, "మా పిల్ల మంచిదే బాబూ, దానికి కాగితాలు తెల్దు, అంతే!" అని తెలుగులో మొరపెట్టుకుంది.

సేన్ గారు చీటీ చేతిలోకి తీసుకుని, తిప్పి చదివారు. "సేన్ కుటుంబానికి, ప్రేమతో." మళ్ళీ సంతకం వైపు తిప్పారు. "పాపం, ఆ చిత్రకారుడు వెనకవైపు ఖాళీగా వదిలేశాడు. నువ్వు పూర్తిచేశావన్నమాట."

నేను బల్లమీదనుంచే తలూపాను.

"లోపల ఏముండింది?"

"అరిసెలు."

ఆయన పళ్ళెంలోంచి ఒక అరిసె తీసుకున్నారు. చిన్నముక్క కొరికారు. నమిలారు. మేము ఆయన దవడల వంక, తీర్పు చదువుతున్న జడ్జీ వంక చూసినట్టు చూస్తున్నాం. అరిసె అయిపోయింది. ఇంకోటి తీసుకున్నారు. అదీ అయిపోయింది. వేళ్ళకంటిన నువ్వులు కూడా తిన్నారు.

"వీటి కోసమా చుట్టావు?"

"అవును కాకూ."

"ఊఁ," అని ఒక నిట్టూర్పు విడిచారు. "బొమ్మ పోయింది. నాకు బాధగానే ఉంది, లేదనను. కాని అబద్ధం ఎందుకు, చుట్టదగిన వస్తువే." మా నాన్న జోడించిన చేతుల్ని పట్టుకుని కిందికి దించి, కూర్చోబెట్టారు. తరవాత నావైపు తిరిగి, "అంచు ఇంత తిన్నగా ఎలా కోశావు?" అని అడిగారు.

"స్కేలుతో."

"లిలువా ఫ్రేములవాళ్ళని అనవసరంగా తిట్టాను," అన్నారు. ముందు నవ్వింది కాకిమా. తరవాత తుంపా. అందరికంటే ఆఖర్న, అందరికంటే ఎక్కువసేపు, మా అమ్మ. ఆ జోకులో ఒక్క ముక్క ఆమెకి అర్థం కాలేదని తరవాత తెలిసింది.

ఆ బొమ్మని సేన్ గారు మరమ్మతుకి ఇవ్వలేదు. మడతలు, నూనె మచ్చ, సంతకం ముక్క అన్నీ అలాగే ఉంచి, తనే దగ్గరుండి ఫ్రేము కట్టించారు. ఇప్పుడది రవి, తుంపాల ఇంట్లో ఉంది. మొన్న ఆయన స్నేహితుడొకాయన, బొమ్మల గురించి బాగా తెలిసిన మనిషే, దాని ముందు నిలబడి, "పూల వెనక ఈ చంద్రుణ్ణి చూశారా, ఎంత మెత్తగా వేశాడో! ఏ పద్ధతి ఇది?" అని అడిగాడట. సేన్ గారు మొహంలో ఏ మార్పూ లేకుండా, "నువ్వుల నూనె. శ్రీకాకుళం పద్ధతి," అన్నారట.

నేను మాత్రం ఆ రోజే కత్తెర అమ్మకి అప్పగించేశాను. ఇష్టదైవం సాక్షిగా, కన్నవాళ్ళ సాక్షిగా, బాలిగంజ్ వియ్యాలవారి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ పెట్టెకీ ఏ కాగితమూ చుట్టను. ఎవరికేం ఇచ్చినా చేతిసంచిలో వేసి ఇస్తాను. మీరు నాకేమైనా ఇవ్వదలుచుకుంటే సంతోషంగా ఇవ్వండి. కాకపోతే అందులో కానుక ఏదో, కాగితం ఏదో ముందే వేలు పెట్టి చూపించండి.